మందు మానాలనుంది, దగ్గర్లో గ్రూప్ ఎలా వెతకాలి?

సొంతంగా రెండుసార్లు మానేసి మళ్ళీ మొదలుపెట్టానని, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి మాట్లాడుకునే గ్రూప్ దగ్గర్లో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పమని, అక్కడ తెలిసినవాళ్ళు కనిపిస్తే పరువు పోతుందేమోనని రాశారు. నేను మానేసి ఆరేళ్ళు దాటింది. మీటింగ్ అడ్రస్ రాసిన కాగితం జేబులో పెట్టుకుని నెల రోజులు తిరిగినవాణ్ణి, కాబట్టి మీ భయం నాకు కొత్త కాదు.

గ్రూప్ కన్నా ముందు ఒక విషయం. మీరు రోజూ తాగేవాళ్ళయితే, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మనసు గట్టిగా ఉంటే చాలనే మాట నమ్మి నేను ఇంట్లోనే మానేయబోయి ఆసుపత్రిలో తేలాను.

ఆ కాగితం నాకు దొరికింది కూడా అక్కడే. ఇంటికి పంపే రోజు నర్సు గారు మూడు మీటింగుల చోటు, వారం, టైమ్ రాసిచ్చారు. అందుకే డీఅడిక్షన్, అంటే తాగుడు మాన్పించే వైద్యం చూసే డాక్టర్నో కౌన్సెలర్నో ముందు అడగమంటాను. ఏ గ్రూప్ నిజంగా నడుస్తోందో, ఏది పేరుకే ఉందో వాళ్ళకు బాగా తెలుస్తుంది. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ ఎనానిమస్, పొట్టిగా ఏఏ. దాని వెబ్‌సైట్‌లోనూ వెతకొచ్చు. కానీ లిస్టులు పాతబడిపోతాయి. నేను ఒకసారి అలాగే వెళ్తే గదికి తాళం వేసి ఉంది. మానాలని బయల్దేరినవాడికి తాళం కనిపిస్తే ఆ సాయంత్రం ఎటు పోతాడో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఫోన్ చేసే వెళ్ళండి. సాధారణంగా ఫోన్ ఎత్తేది కూడా ఒకప్పుడు మనలాగే తాగినవాళ్ళే. కొత్తగా వస్తున్నాను, గేటు దగ్గర ఎవరైనా ఉంటారా అని మొహమాటపడకుండా అడగండి.

అసలు ఏఏ మొదలైందే ఒక ఫోన్‌తో. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన అమెరికాలోని అక్రాన్‌కి పని మీద వెళ్ళాడు. పని చెడింది, హోటల్లో బార్ పక్కనే ఉంది. తాగకుండా నిలబడాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలనిపించి వరసగా ఫోన్లు చేస్తూ పోయాడు. చివరికి తనలాగే తాగుడుతో బాధపడుతున్న బాబ్ స్మిత్ అనే డాక్టర్ దొరికాడు, ఆ ఇద్దరితోనే ఏఏ మొదలైంది. మీరిప్పుడు వెతుకుతున్నదీ అదే కదా!

ఇక పరువు సంగతి. మీటింగుల్లో ఓపెన్, క్లోజ్డ్ అని రెండు రకాలుంటాయి. ఓపెన్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్‌కి మందుతో ఇబ్బంది పడి మానాలనుకునేవాళ్ళే వస్తారు. మీరు క్లోజ్డ్‌కే వెళ్ళండి. అక్కడ మిమ్మల్ని చూశానని ఎవరైనా బయట చెప్పాలంటే, తానెందుకు వచ్చాడో కూడా చెప్పుకోవాల్సి వస్తుంది మరి. నా మూడో మీటింగ్‌లో పాత ఆఫీసు అతను కనిపించాడు. నాకు చెమటలు పట్టాయి. అతను పక్క కుర్చీలోంచి తన బ్యాగ్ తీసి కింద పెట్టాడు, అంతే. ఆ తర్వాత బయట ఎక్కడ కలిసినా ఆ ఊసే ఎత్తలేదు.

మాట్లాడాల్సిన పని లేదు, ఈరోజుకు వింటానంటే చాలు. ఫీజు ఉండదు. నా మొదటి రోజు ఒక పెద్దాయన మంచినీళ్ళిచ్చారు. అందరి గ్లాసులూ నిండా ఉన్నాయి, నాది మాత్రం సగమే. చేయి వణికి ఒలుకుతుందని ఆయనకు తెలుసు. అది నాకు అర్థమవడానికి రెండు మూడు వారాలు పట్టింది.

అలాగని అన్నీ బాగుంటాయనుకోకండి. నేను వెళ్ళిన మరో గ్రూపులో ఒకాయన నలభై నిమిషాలు ఒక్కడే మాట్లాడాడు. ఇదా మీటింగ్ అంటే అని మానేసే సాకు వెతుక్కున్నాను. ఒక్కో గ్రూప్ తీరు ఒక్కోలా ఉంటుంది, ఐదారు చూశాకే తేల్చుకోండి. మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన నాకూ మొదట్లో మింగుడుపడలేదు. మీకూ అలాగే అనిపిస్తే స్మార్ట్ రికవరీ అని ఇంకో సంస్థ గ్రూపులున్నాయి, అది 1994లో మొదలైంది, ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది. నేను కొన్నాళ్ళు అక్కడికీ వెళ్ళాను. చివరికి ఏఏలోనే ఉండిపోయాను, ఎందుకంటే రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి నాకు అక్కడ దొరికాడు. దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఇంట్లోవాళ్ళకు విడిగా ఆల్-అనాన్ అనే గ్రూప్ ఉంది.

పది నిమిషాలు ముందే వెళ్ళండి, అయిపోగానే పరిగెత్తకండి. నంబర్లు ఇచ్చిపుచ్చుకునేది అప్పుడే. ఎవరైనా చూస్తారేమోనని ఆ పెద్దాయన నంబర్‌ని నేను ప్లంబర్ అని సేవ్ చేసుకున్నాను. ఒకరోజు కుళాయి పాడైతే మా ఆవిడ నా ఫోన్ తీసుకుని ఆయనకే చేసింది. ఆయన ఏమీ బయటపెట్టకుండా, ఈరోజు కుదరదమ్మా, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నారట.