కనిపెట్టి చూసే చదువు టాక్సికాలజీ

ప్రశ్న: మా అమ్మాయి బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. పీజీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం), టాక్సికాలజీ (విషప్రభావాల శాస్త్రం) తీసుకుంటానంటోంది. అందులో ఎలుకలకు మందులిచ్చి, వెల్లకిలా వదిలి, తోక నొక్కి పరీక్షిస్తారట. ఇంట్లో బొద్దింకను కొట్టినా బాధపడే పిల్ల. పైగా జంతువుల మీద పరీక్షలు ఎత్తేస్తున్నారని వింటున్నాం. ఈ చదువుకు పంపవచ్చా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మెత్తని మనసు ఈ చదువుకు అడ్డు కాదు. నన్నడిగితే అదే ఆమెకున్న మొదటి అర్హత. ఎందుకో చెప్పాలంటే మీరు విన్న ఆ పరీక్షల సంగతి ముందు చెప్పాలి.

కంట్లో వెలుగు పడితే పాప చిన్నదవుతుంది. చప్పుడైతే ఉలిక్కిపడతాం. పదో తరగతి జీవశాస్త్రంలో అసంకల్పిత ప్రతీకార చర్యలని చదువుకున్నవి ఇవే. ఒక రసాయనం నాడులను దెబ్బతీస్తుంటే ఆ తేడా వీటిలో బయటపడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కాయని ఎలుక నోరు తెరిచి చెప్పలేదు కదా! అందుకని అది బోనులో ఎలా కూర్చుందో చూస్తారు. చేతిలోకి తీసుకుంటే బిగుసుకుందా, వేలాడిపోయిందా అని గమనిస్తారు. బల్ల మీద వదిలి కొన్ని నిమిషాలు నడక చూస్తారు. క్లిక్కుమని చప్పుడు చేస్తారు, తోక కొస నొక్కుతారు, తక్కువ ఎత్తు నుంచి మెత్తటి పరుపు మీదికి వెల్లకిలా వదిలి కాళ్ల మీద దిగుతుందేమో చూస్తారు. 1968లో శామ్యూల్ ఇర్విన్ అనే శాస్త్రవేత్త చిట్టెలుకలలో ఈ పరిశీలనలకు ఒక క్రమం ఏర్పరిచారు. ఈనాటికీ ల్యాబుల్లో ఇర్విన్ టెస్టు అనే మాట వినిపిస్తుంది.

వీటిలో నాకు బాగా గుర్తుండిపోయినది పాదాల పరీక్ష. ఎలుక వెనక పాదాలకు సిరా అద్ది, సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కాగితం మీదికి వదులుతారు. రెండు సిరా మచ్చల మధ్య దూరాన్ని స్కేలుతో కొలుస్తారు. అక్రిలమైడ్ అనే పారిశ్రామిక రసాయనం కొన్నాళ్లు ఒంట్లోకి వెళ్లిన ఎలుకకు కాళ్ల మీద పట్టు తగ్గుతుంది, ఆ మచ్చలు దూరం జరుగుతాయి. ఇంతా చేసి కావలసినవి సిరా, కాగితం, స్కేలు. కానీ పట్టుకున్న చెయ్యి వణికినా, ఎలుక బెదిరి గింజుకున్నా ఆ కొలత పనికిరాదు.

తల్లి కడుపులో ఉండగా పిల్లకు హాని జరిగిందేమో తెలుసుకునే పరీక్షలు వేరే ఉన్నాయి. పుట్టి కొద్ది రోజులే అయిన ఎలుక పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, తిరిగి కాళ్ల మీదికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తారు. మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం. ఆ మైలురాయి సమయానికి దాటిందా అని ఇక్కడ గడియారం పెట్టి చూస్తారు.

ఇదంతా మనకెందుకు అనిపిస్తే మీ జిల్లా పత్తి చేలు గుర్తు చేసుకోండి. కొన్ని రకాల పురుగుమందులు ఒంటికి పట్టిన రైతుకు చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఆసుపత్రిలో డాక్టరు టార్చిలైటు వేసి వెతికే ఆ గుర్తులనే, మందు మార్కెట్లోకి రాకముందు ఎవరో ఒకరు ఎలుకలో వెతికి, ఎంత మోతాదు దగ్గర మొదలయ్యాయో రాసిపెట్టాలి. ఆ రాసే మనిషి ఉద్యోగం గురించే మనం మాట్లాడుకుంటున్నాం.

ఎలుకలలో నాడీ విషప్రభావాన్ని పరీక్షించడానికి ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి ఓఈసీడీ 1997లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఒక్కో గుంపులో కనీసం 10 మగ, 10 ఆడ ఎలుకలుండాలి. మూడు మోతాదులు, మందివ్వని గుంపు ఒకటి కలిపితే 80. ఏ ఎలుకకు ఎంత మోతాదు ఇచ్చారో చూసే మనిషికి తెలియకూడదు. మొదటి ఎలుకను ఎంత శ్రద్ధగా చూశారో ఎనభయ్యో ఎలుకనూ అంతే శ్రద్ధగా చూడాలి. అంకె తప్పు రాస్తే చెరపకూడదు. కింది అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేసి, కారణం చెప్పాలి. మొరటుగా పట్టుకునేవారి చేతిలో ఎలుక బెదురుతుంది, బెదిరిన ఎలుక తప్పుడు ఫలితమిస్తుంది. జంతువు బాధ పట్టించుకునే పిల్ల ఇక్కడ బాగా పని చేస్తుందని నేననడం అందుకే.

అయితే ఒక మాట దాచకూడదు. ఇలాంటి అధ్యయనాలు ముగిశాక ఎక్కువగా ఆ ఎలుకలను నొప్పి తెలియని పద్ధతిలో చంపి, మెదడును, నాడులను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మన దేశంలో ప్రతి ప్రయోగానికీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. తక్కువ జంతువులతో, తక్కువ బాధతో చేయాలన్న నియమాలూ ఉన్నాయి. అయినా చివర్లో ఆ పని తప్పదు. దాన్ని భరించలేకపోతే అది మీ అమ్మాయి లోపం కాదు. కానీ రెండేళ్లు చదివాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు.

భవిష్యత్తు గురించి మీరు విన్నది నిజమే. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. కొత్త మందులకు జంతు పరీక్ష తప్పనిసరన్న షరతును అమెరికా 2022 చివరలో తొలగించింది. 2023లో మన నిబంధనలలోనూ ప్రత్యామ్నాయాలకు చోటిచ్చారు. ఎలుకల సంఖ్య తగ్గుతుంది, తగ్గాలి కూడా. అంతమాత్రాన విషమా కాదా అని తేల్చే పని పోదు. కణాల మీద, జీబ్రా చేప పిల్లల మీద, కంప్యూటర్ నమూనాల మీద వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చో లేదో చెప్పాలంటే శరీరం ఎలా స్పందిస్తుందో తెలిసినవాళ్లే కావాలి. కాబట్టి ఎలుకలతో పాటు కణాల పెంపకం, గణాంకాలు నేర్చుకోమనండి. ఎలుకలే నేర్చుకుని ఆగిపోతే మాత్రం మీ భయం నిజమవుతుంది.

దారి తెలిసిందే. ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష అయిన జీప్యాట్ రాసి ఎం.ఫార్మసీ చేయవచ్చు. జాతీయ ఔషధ విద్యా పరిశోధనా సంస్థ అయిన నైపర్ ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌లోనే ఈ సబ్జెక్టులో ఎం.ఎస్. ఉంది. మన జీఎల్‌పీ (మంచి ల్యాబు పద్ధతుల ప్రమాణం) గుర్తింపున్న ల్యాబుల ఫలితాలను 2011 నుంచి ఓఈసీడీ దేశాలు అంగీకరిస్తున్నాయి. కాబట్టి మందుల కంపెనీలలో, పురుగుమందుల కంపెనీలలో, వాటి కోసం పరీక్షలు చేసిపెట్టే ల్యాబులలో ఈ చదువుకు చోటుంది. ఆమెకు ఆయాసం ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. ఎలుకల బొచ్చు, మూత్రం పడక ఉద్యోగం మానుకున్నవారు ఉన్నారు.

ఇంకొక సంగతి. ఇప్పటి బి.ఫార్మసీ ప్రాక్టికల్స్‌లో జంతు ప్రయోగాలను కంప్యూటర్ తెర మీదే చూపిస్తున్నారు. బహుశా మీ అమ్మాయి ఇంతవరకు ఎలుకను చేత్తో పట్టుకుని ఉండదు. మీరు వద్దనడం, ఆమె కావాలనడం రెండూ చూడకుండా అంటున్నవే. కళాశాల నుంచి ఉత్తరం రాయించుకుని, జంతుశాల ఉన్న ఏదైనా సంస్థలో నెల రోజులు ప్రాజెక్టు చేయమనండి. మొదటి రోజు ఇంటికి రాగానే జీతాల గురించి అడగకండి. ఏం చూశావో చెప్పమనండి. ఏ ఎలుక చెవులు ఎలా కదిలించిందో, ఏది మూలకు నక్కిందో, ఏది నడకలో ఒక కాలు ఈడ్చిందో అడగకుండానే చెప్పుకుపోతుంటే జీప్యాట్ పుస్తకాలు కొనిపెట్టండి.