పాఠకుల ప్రశ్నలు: స్పెయిన్ రెండో రిపబ్లిక్, 1931–36

ప్రశ్న: 1931 ఏప్రిల్ 12న స్పెయిన్‌లో జరిగింది మునిసిపల్ ఎన్నికలే కదా. అంతమాత్రానికే రాజు దేశం విడిచి ఎందుకు వెళ్లాడు?

జవాబు: పల్లెల్లో నిజానికి రాజు పక్షమే గెలిచింది. కానీ ఆ గెలుపు ఎలాంటిదో రాజుకూ తెలుసు. 1907 ఎన్నికల చట్టం 29వ సెక్షన్ ప్రకారం, సీట్లు ఎన్నో అభ్యర్థులూ అంతమందే ఉంటే పోలింగ్ అక్కర్లేదు, అందరూ గెలిచినట్టే. దాంతో కసీకేలనే ఊరి పెత్తందార్లు పోటీకి రెండో మనిషే లేకుండా చూసుకునేవారు. నగరాల్లో ఆ పప్పులు ఉడకలేదు. 50 ప్రావిన్సు రాజధానుల్లో 41 రిపబ్లికన్ల చేతికి వచ్చాయి. సివిల్ గార్డు అనే సాయుధ పోలీసు దళానికి అధిపతి అయిన జనరల్ సాన్‌హుర్హో తన బలగాల తరఫున రాజుకు హామీ ఇవ్వలేదు. అసలు దెబ్బ అది. 14 పొద్దున్నే ఐబార్ పట్టణంలో రిపబ్లిక్ జెండా ఎగిరింది. ఆ రాత్రే అల్ఫోన్సో 13 కారులో కార్తహేనా రేవుకు చేరి, అక్కణ్నుంచి ఓడలో ఫ్రాన్సులోని మార్సెయ్ వెళ్లిపోయాడు. సింహాసనం వదులుకుంటున్నట్టు సంతకం మాత్రం చేయలేదు. అది 1941లో, కొడుకు హువాన్‌ కోసం చేశాడు.

ప్రశ్న: 1932 భూసంస్కరణ చట్టం అంత గట్టిదని చదివాను. మరి కూలీలకు భూమి ఎందుకు అందలేదు?

జవాబు: చట్టం గట్టిదే, తడబడింది కొలతల్లో. 1932 ఆగస్టు 10న ఇదే సాన్‌హుర్హో సెవిల్యాలో తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. ఆ వేడిలోనే అంతవరకూ నత్తనడక నడిచిన బిల్లు సెప్టెంబరులో గట్టెక్కింది.

ఒక యజమాని ఉంచుకోగల గరిష్ఠ పరిమితులు ఇవీ, దాటితే ప్రభుత్వం తీసుకోవచ్చు: మెట్ట ధాన్యపు పొలం 300 నుంచి 600 హెక్టార్లు, ఆలివ్ తోట 150 నుంచి 300, ద్రాక్షతోట 100 నుంచి 150, నీటి వసతి ఉన్న భూమి 30 నుంచి 50. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. చిక్కల్లా ఈ పరిమితిని ఒక్కో మునిసిపాలిటీకి విడివిడిగా లెక్కించడంలో ఉంది. నాలుగు ఊళ్లలో 250 హెక్టార్ల చొప్పున మెట్ట ఉన్న ఆసామికి మొత్తం వెయ్యి హెక్టార్లు ఉన్నా, ఈ లెక్కన ఎక్కడా పరిమితి దాటనట్టే.

ఇంకో నిబంధన దీనికి సరిగ్గా తలకిందులు. 25 వేల జనాభా లోపు ఊళ్లలో, ఊరికి రెండు కిలోమీటర్ల లోపు పొలాన్ని సొంతంగా సాగు చేయకుండా కౌలుకిచ్చి, ఆ మునిసిపాలిటీలో రికార్డు ప్రకారం ఏడాదికి 1,000 పెసెతాలకు (అప్పటి స్పెయిన్ కరెన్సీ) మించి ఆదాయం ఉన్న భూమి కలవాడైతే చాలు, ఆ పొలం ప్రభుత్వం స్వాధీనం చేసుకోదగ్గ భూముల జాబితాకెక్కేది. అంటే చిన్నాచితకా ఆసాములు కూడా ఇరుక్కున్నారు. కూలీలను స్థిరపరచే పని మొదలయ్యేది మాత్రం 14 ప్రావిన్సుల్లోనే: అందలూసియాలో ఎనిమిది, ఎస్త్రెమదూరాలో రెండు, ఇంకా సియుదాద్ రియాల్, తొలేదో, అల్బసేతే, సలమాంకా. జాబితా చూస్తే దేశమంతటిదీ! ఉత్తరాది రైతు భూమిని ఎవరూ తీసుకోబోవడం లేదు, అయినా అతని పేరు రిజిస్టరులో ఉంది. ఒక్క ఎకరం పంచకుండానే రిపబ్లిక్ వేలమందిని శత్రువుల్ని చేసుకుంది. చట్టం మొత్తంలో ఇంతకంటే తెలివితక్కువ పని నాకు కనబడదు.

నష్టపరిహారం పన్ను రికార్డులోని ఆదాయం మీద కట్టేవారు. చిన్న ఆదాయాలకు 5 శాతం లెక్క, అంటే 1,000 పెసెతాల ఆదాయానికి 20,000 పరిహారం. అతిపెద్ద ఆదాయాల్లో పై భాగానికి 20 శాతం లెక్క, అంటే అదే 1,000కి 5,000 మాత్రమే. పన్ను తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి ఆదాయం తక్కువ చూపిన పెద్ద భూస్వాములకు ఇక్కడ రెండోసారి దెబ్బ పడింది. అందుకే కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ అంత మొండిగా పోరాడారు.

ఇక డబ్బు. భూసంస్కరణ సంస్థకు ఏడాదికి 50 మిలియన్ పెసెతాలు కేటాయించారు. చేతిలో అరక లేని కూలీకి పొలం ఒక్కటే ఇస్తే సరిపోదు. కాడెడ్లు, విత్తనం, మొదటి పంట చేతికొచ్చేదాకా తిండిగింజలు కావాలి. అందుకు అప్పులిస్తుందని చట్టంలో రాసిన జాతీయ వ్యవసాయ బ్యాంకు అసలు పుట్టనే లేదు. ఏడాదికి 60 వేల నుంచి 75 వేల కుటుంబాలని మొదటి ముసాయిదాలో అనుకున్నారు. 1934 చివరికి భూమి మీద నిలిచింది సుమారు 12 వేల కుటుంబాలు. 1936 మార్చి 25న ఎస్త్రెమదూరాలోని బదహోస్ ప్రావిన్సులో దాదాపు 60 వేలమంది ఒకేసారి సుమారు 3,000 కమతాల్లోకి దిగి దుక్కి మొదలుపెట్టాక, ప్రభుత్వం వెనకే నడిచి ముద్ర వేసింది.

ప్రశ్న: ఆడవాళ్లకు ఓటు ఇవ్వడం వల్లే 1933లో వామపక్షాలు ఓడిపోయాయంటారు. నిజమా?

జవాబు: అప్పట్నుంచీ వినిపించే మాటే, లెక్కకు మాత్రం నిలవదు. 1931 అక్టోబరు 1న పార్లమెంటులో 161–121 ఓట్లతో ఆ హక్కు వచ్చింది. క్లారా కాంపొఆమోర్ ఇప్పుడే కావాలని వాదిస్తే, తోటి సభ్యురాలు విక్టోరియా కెంట్ కొన్నాళ్లు ఆగాలంది. 1933 నవంబరులో మహిళలు తొలిసారి పార్లమెంటుకు ఓటేశారు.

ఓటమికి కారణం ఎన్నికల పద్ధతిలో వెతకాలి. 10 సీట్ల ప్రావిన్సులో ఓటరు 8 పేర్లే రాయాలి. ముందున్న జాబితాకు దాదాపు ఆ ఎనిమిదీ వస్తాయి, వెనకబడ్డ వాళ్లకు మిగిలేవి రెండే. కూటమి కట్టినవాడికి పంట, విడిపోయినవాడికి చితుకులు. 1931లో కలిసి నిలిచిన సోషలిస్టులు, రిపబ్లికన్లు 1933లో చాలాచోట్ల విడివిడిగా పోటీ చేశారు. మితవాదులేమో ఏకమయ్యారు. పైగా ప్రభుత్వమే వద్దనే అనార్కిస్టులు ఓటే వేయొద్దని ప్రచారం చేశారు. 1936 ఫిబ్రవరిలో అదే మహిళలు ఓటేసినా, ఈసారి కలిసి నిలిచిన వామపక్ష కూటమి పాపులర్ ఫ్రంట్ గెలిచింది. ఓట్లలో తేడా స్వల్పం, సీట్లలో మాత్రం స్పష్టమైన మెజారిటీ.

ప్రశ్న: రెండో రిపబ్లిక్ అంటే మొదటిది ఎప్పుడు?

జవాబు: 1873 ఫిబ్రవరి 11న. తొలి 11 నెలల్లోనే నలుగురు అధ్యక్షులు మారారు. 1874 జనవరి 3న జనరల్ పావియా బలగాలు పార్లమెంటులోకి చొరబడ్డాయి. డిసెంబరు నెలాఖరుకు రాజవంశమైన బూర్బోన్లు తిరిగొచ్చారు.