మూడున్నర రూపాయల గరిటె

అబ్బయ్యా,

నువ్వు పంపిన ‘చిన్న చిన్న ఆనందాలు’ వ్యాసం మా మనవరాలు ప్రింటు తీసిచ్చింది. మొదటిసారి చిరాకొచ్చి మూడో పేజీలోనే పక్కన పడేశా. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీస్తే ఐదో పేజీలో ఒక మూల కనపడింది, మీ నాయన అన్నం కలుపుతుంటే గోళ్ల సందుల్లో పలకల పొడి ఉండేదనీ, ఎంత కడిగినా పోయేది కాదనీ రాసిన ఆ ఒక్క వాక్యం. ఈ ఉత్తరం దానికోసమే. అది లేకపోతే ‘బాగుంది, ఇంకా రాయండి’ అని రెండు ముక్కలు రాసి పంపేసేవాణ్ణి, అవి నేను ఎవరికైనా రాస్తా.

ఆ వాక్యం రాసి నువ్వు చేసిందేంది? తిన్నగా కిటికీ దగ్గరికి పోయి కూర్చున్నావు. బయట వాన, చేతిలో పొగలు కక్కే కాఫీ, ఒళ్లో పాత పుస్తకం, దాని వాసన. ఏ ఊరి కిటికీ అది? మీది పలకల రాయికి పేరుబడ్డ మార్కాపురం పక్క పల్లె అని నువ్వే రాశావు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూసి చూసి ఒక తరం ముసలిదైపోయిన ప్రాంతం. అక్కడ వాన పడితే కాఫీ పట్టుకుని కూర్చునేదెవరు? మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు ఎత్తడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తరూ? పోనీ కాఫీయే రాయి, అది ఏ నీళ్లతో కాచారు? బోరు నీళ్లా, ట్యాంకరు నీళ్లా, డబ్బులిచ్చి తెచ్చుకున్న క్యాను నీళ్లా? ఫ్లోరైడు నీళ్లున్న చోట కప్పు కాఫీ చిన్న ఆనందం కాదు, పెద్ద కథ.

ఈ జబ్బు నీ ఒక్కడిదే కాదులే. ఈమధ్య ఎవరి పుస్తకం తెరిచినా అమ్మమ్మ ఇత్తడి గిన్నె, తాతయ్య వాలుకుర్చీ, మట్టివాసన. రాష్ట్రంలో అమ్మమ్మలందరూ ఒకే కొట్లో కొన్నట్టు. ఆ గిన్నె ఎన్నిసార్లు తాకట్టుకు పోయిందో, మాటు ఎవరు వేశారో ఒక్కడూ రాయడు.

నలభై ఏళ్లుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేను చెప్పేది ఒక్కటే, విన్నవాళ్లు నవ్వుతారు. ధర రాయి. నీకు ప్రాణమైన వస్తువు ఎంతకు వచ్చింది, ఎవరి జేబులోంచి వచ్చింది, బేరం ఆడారా లేదా. అది రాస్తే ప్రేమ సంగతి నువ్వు చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఒక చెక్క గరిటె ఉంది. నేను నెల్లూరు జిల్లా ఉదయగిరిలో టీచరుగా ఉన్నప్పుడు, 1984లో కొన్నది. అక్కడ దుర్గం కొండల నుంచి తెచ్చిన నర్ది చెక్కతో చెంచాలూ గరిటెలూ చేస్తారు, నీకు తెలిసే ఉంటుంది. ఒక ముసలామె వసారాలో కూర్చుని, గరిటె కాడ కాలివేళ్ల మధ్య బిగించి, ఆకురాయితో నున్నగా రుద్దుతోంది. నాలుగు రూపాయలంది. నేను కొత్తగా పెళ్లయినవాణ్ణి, సంసారం నేర్చుకుంటున్నాననే పొగరు, మూడున్నరకి తెగ్గొట్టా. ఇచ్చింది. ఇస్తూ, “అర్ధరూపాయితో ఏం మేడ కడతావు సారూ” అని నవ్వింది. చిల్లర చేతిలో పెట్టి, వీధి మలుపు దాకా తల తిప్పకుండా నడిచా.

ఆ అర్ధరూపాయి మీదే 1986లో కథ రాశా. పేరున్న పత్రికే అచ్చేసింది. తెరిచి చూద్దును కదా, ముసలామె ఉంది, కొండ ఉంది, బేరం లేదు. సంపాదకుడు కొట్టేసి, ఆ జాగాలో ‘అమ్మ ప్రేమలా మెత్తని గరిటె’ అని తన సొంత కవిత్వం అతికించాడు. ఉండబట్టలేక 15 పైసల కార్డు మీద అడిగితే, కథంటే పచారీ కొట్టు చిట్టా కాదు అని జవాబు రాశాడు. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆయన పోయి చాలాకాలమైంది, నాకింకా మంట తగ్గలేదు. మెత్తని గరిటె ఎక్కడన్నా ఉంటుందా, చెప్పు!

ఆ కథకే మనియార్డరు వచ్చింది, నలభై రూపాయలు. పోస్టుమాన్ టీ ఖర్చులకని రెండు పట్టుకుని ముప్పై ఎనిమిది ఇచ్చాడు. ఫారం కింద చించి ఇచ్చే ముక్క ఉండేది, మీ తరానికి తెలియదు. దానిమీద నా పేరు తప్పు రాసి, ‘పారితోషికం’ అని ఒక్క మాట. నిఘంటువులో దాచా, ఇప్పటికీ ఉంది, అంచులు పసుపు తిరిగాయి. నా మొత్తం రాతలో ఇంతగా దాచుకున్న కాగితం ఇంకోటి లేదు, సన్మాన పత్రాలు మా అల్లుడు ఎక్కడ పెట్టాడో కూడా తెలియదు. డబ్బులు మాత్రం ఆ సాయంత్రమే పోయాయి. కొరమీను తెచ్చా. పచ్చి మామిడికాయ వేసి మా ఆవిడ దాకలో పులుసు పెట్టింది, ఆ రాత్రి వేలు కూడా పెట్టనివ్వలేదు. మర్నాడు పొద్దున సద్దన్నంలోకి వేసుకుంటే అప్పుడు తెలిసింది కథలు ఎందుకు రాయాలో. నెల్లూరోళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

గరిటె సంగతి పూర్తికాలేదు. కాడ చివర పొయ్యి తగిలి నల్లబడింది. కుడి అంచు మాత్రం కోసేసినట్టు అరిగిపోయింది, ఎందుకో చాలా ఏళ్లు నాకు తట్టలేదు. మా ఆవిడది ఎడమచేతి వాటం. నలభై ఏళ్ల కలపడం అంతా ఆ ఒక్క అంచులో ఉంది. ఇదే గరిటెను అద్దాల బీరువాలో పెట్టి ఉంటే అచ్చం కొన్ననాటిలాగే ఉండేది, నాకు రాయడానికేమీ మిగిలేది కాదు. ఆ ఉదయగిరి నుంచే కృష్ణదేవరాయలు 1514లో దుర్గం గెలిచాక బాలకృష్ణుడి విగ్రహం హంపికి పట్టుకుపోయి గుడి కట్టించాడు. గుడి ఇప్పుడు హంపిలో ఉంది, విగ్రహం చెన్నై మ్యూజియంలో. రాజైనా సరే, గుర్తుగా తెచ్చుకున్నది వాడుకలో లేకపోతే చివరికి చేరేది అక్కడికే.

నీ దగ్గరున్నది పలక, అబ్బయ్యా! మా తరం మొత్తం మీ ఊరి రాయి మీద అ ఆలు దిద్దింది. బొగ్గూ ఆకూ కలిపి రుద్ది నల్లగా చేసుకునేవాళ్లం, ఉమ్మితో తుడిచి దెబ్బలు తినేవాళ్లం. దాని చెక్క ఫ్రేము మూలలు ఊడితే రేకు ముక్క కొట్టించుకునేవాళ్లం. ఆ రాయిని పొరలు పొరలుగా చీల్చినవాడి ఇంట్లో పుట్టి నువ్వు కాఫీ గురించి రాస్తావా? గోళ్లలో కనపడిన పొడి అంత అయితే, ఊపిరితో లోపలికి పోయింది ఎంతో. ఆ రోజుల్లో మీ నాయనకి కూలి డజనుకా, రోజుకా? పగిలిన పలకకి కోత పెట్టేవాళ్లా? పగిలినవి ఇంటికి తెచ్చేవాడా, నువ్వు దిద్దింది వాటిమీదేనా? ఇప్పుడు పిల్లలకి నోటుబుక్కులు వచ్చి, ఆ రాయి ఎక్కడెక్కడి దేశాల గోడలకో అంటుకుంటోంది. అవి చూసి ఆయన ఏమంటాడు? ఆయన ఉన్నాడు కదా, అడుగు. ఫోన్లో వద్దు, ఊరికి పోయి, అన్నం తినేటప్పుడు అడుగు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఒక్కటే వ్యాసముండగా ఆ టెన్షన్ దేనికి? ఫేస్‌బుక్‌లో పెట్టాలా, పత్రికకు పంపాలా అన్నదానికి నేను సలహా చెప్పేవాణ్ణి కాదు, రెండింటితోనూ నాకు పడలేదు. మూడో ప్రశ్న కూడా ఏదో ఉండాలి, ఆ కాగితం పక్క గదిలో ఉంది, మోకాళ్లు లేవనివ్వడంలేదు.

అయినా లేవక తప్పేట్టు లేదు. ఇది రాయడానికి చూసుకుందామని గరిటె ఇవతలికి తెచ్చా, వంటింట్లోంచి మూడోసారి కేక వచ్చింది. దాకలో పులుసు ఉడుకుతోందంట, స్టీలు గరిటె పెడితే దాక పగుల్తుందంట. ఇచ్చొస్తా.

మీ
మాస్టారు