తోక సరే, జవాబు సంగతేంట్రా?

ఒరేయ్ శీనూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. నువ్వు ఊళ్ళోనే ఉండి, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ చెప్పబోతున్నావట. మొదటి పాఠం క్వశ్చన్ ట్యాగ్స్ అట, అదే, మన "కదా" లాగా వాక్యం చివర తగిలించే ప్రశ్న తోకలు. విని చాలా సంతోషమేసిందిరా. నా తర్వాత మన ఇంట్లో సుద్దముక్క పట్టేవాళ్ళే లేరనుకున్నాను. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. నీకు ఇంగ్లీషు వచ్చు, కాదనను. మనకి రావడం వేరు, ఇంకొకళ్ళకి వచ్చేలా చెప్పడం వేరు. పైగా నువ్వే ప్రతి రెండో మాటకీ "ఈజంట్ ఇట్" తగిలిస్తుంటావు. "యూ ఆర్ కమింగ్ ఫర్ సంక్రాంతి, ఈజంట్ ఇట్ అత్తా?" అని అడిగింది ఎవరు? పిల్లల ముందు అలా అనకు. "యూ ఆర్ కమింగ్, ఆరంట్ యూ?" అనాలి.

ముందు చోటు సంగతి చెప్తాను. రామాలయం మండపంలో పెడతానన్నావట. వద్దు. గుడి అంటే కొందరు పిల్లలు మెట్ల దగ్గరే ఆగిపోతారు, కొందరు అసలు రారు. వాళ్ళు ఎందుకు రాలేదో నీకు తెలియను కూడా తెలియదు. హెడ్మాస్టరు గారిని అడిగి బడి వరండా తీసుకో. చీకటి పడకముందే ఆడపిల్లల్ని ఇళ్ళకి పంపెయ్. ఈ రెండు విషయాల్లో నాతో వాదించకు.

ఇక పాఠం. అసలు రూలు పావుగంటలో అయిపోతుంది. వాక్యంలో ఉన్న హెల్పింగ్ వెర్బ్‌నే (ఈజ్, హాజ్, కెన్ లాంటివి) తోకలోకి తెచ్చుకోవాలి. వాక్యం పాజిటివ్ అయితే తోక నెగెటివ్, వాక్యం నెగెటివ్ అయితే తోక పాజిటివ్. చివర్లో పేరు రాయకూడదు, సర్వనామం రాయాలి. "రాము ఈజ్ ఎ ఫార్మర్, ఈజంట్ హీ?" "లక్ష్మి కాంట్ స్విమ్, కెన్ షీ?" హెల్పింగ్ వెర్బ్ లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో కాలానికి తగ్గది. తోకకి ముందు కామా, చివర ప్రశ్న గుర్తు. కొందరు "ఈజ్ నాట్ హీ" అని విడదీసి రాస్తారు. విడదీసి రాయాలంటే "ఈజ్ హీ నాట్" అవ్వాలి, మామూలు మాటల్లో ఎక్కువమంది అలా అనరు. కలిపే రాయించు.

ఇంతవరకూ గైడ్లలో ఉంటుంది. పిల్లలు ఎక్కడ పడతారో గైడ్లలో ఉండదు. బోర్డు మీద "హీ పుట్ ద బ్యాగ్ ఆన్ ద టేబుల్" అని రాసి చూడు. సగం మంది "డజంట్ హీ" అంటారు. తొందరపడి తప్పని చెప్పెయ్యకు. హీ పక్కన ప్రెజెంట్ టెన్స్ వస్తే వెర్బ్‌కి ఏం తగలాలని అడుగు. 'ఎస్' అంటారు. ఇక్కడ ఎస్ ఉందా? లేదు. అంటే బ్యాగ్ పెట్టడం అయిపోయింది, "డిడంట్ హీ" రావాలి. వాళ్ళంతట వాళ్ళే ఆ ఎస్ లేకపోవడాన్ని పట్టుకున్నప్పుడు ఆ మొహాలు చూడాలి నువ్వు! కట్, హిట్, షట్, రీడ్... అన్నీ ఇదే బాపతు. "దే కట్ ద గ్రాస్" అని మాత్రం ఇవ్వకు. అది నిన్నటి సంగతో రోజూ జరిగేదో తేలదు. పక్కన "యెస్టర్‌డే" అనో "ఎవ్రీ వీక్" అనో చేర్చి ఇవ్వు. తేలని ప్రశ్న ఇచ్చి మార్కులు కొయ్యడం పాపం.

అపాస్ట్రఫీ పెట్టి కుదించిన మాటలు కూడా ఇలాగే ఏమారుస్తాయి. "హీజ్ టాల్" అంటే ఈజ్, కాబట్టి "ఈజంట్ హీ". "హీజ్ గాన్ హోమ్" అంటే మామూలుగా హాజ్, "హాజంట్ హీ". "యూడ్ బెటర్ గో" అంటే హాడ్, "హాడంట్ యూ". "యూడ్ రాదర్ స్టే" అంటే వుడ్, "వుడంట్ యూ". ముందు పొట్టిరూపాన్ని విప్పి రాయమను, తోక సంగతి తర్వాత.

"నెవర్", "హార్డ్‌లీ", "సెల్డమ్", "నోబడీ" లాంటివి ఉంటే నాట్ కనపడకపోయినా ఆ వాక్యం నెగెటివే. "షీ నెవర్ కంప్లెయిన్స్, డజ్ షీ?" ఒట్టి "ఫ్యూ", "లిటిల్" కూడా నెగెటివ్ కిందే లెక్క. ముందు 'ఎ' చేరితే పాజిటివ్. ఎవ్రీబడీ, నోబడీ వస్తే తోకలో "దే", నథింగ్ వస్తే "ఇట్", దేర్ వస్తే "దేర్". "ఐ థింక్ హీ ఈజ్ ఇల్" అన్నప్పుడు తోక నా థింక్‌కి కాదు, అతని జబ్బుకి: "ఈజంట్ హీ?" "యూజ్డ్ టు" ఉంటే "డిడంట్". ఇవి రోజుకి రెండు చెప్పు చాలు. అన్నీ ఒకేరోజు గుమ్మరించి బట్టీ పట్టమంటే, మర్నాడు వరండాలో నువ్వూ బల్లులూ మిగులుతారు.

"ఐ యామ్ లేట్" దగ్గర గొడవ అవుతుంది, సిద్ధంగా ఉండు. "ఆరంట్ ఐ" అని రాయగానే ఎవడో ఒకడు లేచి, ఐ పక్కన ఆర్ ఎలా వస్తుంది టీచర్ అంటాడు. వాణ్ణి మెచ్చుకో. రూలు ప్రకారం వాడిదే కరెక్టు. స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో ఇప్పటికీ "యామంట్ ఐ" అంటారు. మిగతా ఇంగ్లీషు వాళ్ళకి అది నోరు తిరగలేదో ఏమో, "ఆరంట్ ఐ" అని సర్దుకున్నారు. పరీక్షలో అదే రాయాలి. మరీ లాంఛనంగా రాయాలంటే "యామ్ ఐ నాట్".

"లెట్స్ గో" కి "షల్ వీ". "ఓపెన్ ద విండో" కి "విల్ యూ". రాయడానికి తేలికే. కానీ "సిట్ డౌన్, విల్ యూ?" అంటే ఒక్కోసారి విసుక్కున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్ళతో, ఆఫీసర్లతో వాడొద్దని చెప్పు. మన పిల్లలు గ్రామర్ కరెక్టుగా ఉంటే మర్యాద కూడా దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇది మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

డిగ్రీ పాసైన ఏడాది మీ నాన్నకి విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. మీ తాతయ్య పక్కింటివాళ్ళ దగ్గర తెల్లచొక్కా అడిగి తెచ్చారు. చేతులు పొడుగైతే మీ నాయనమ్మ రాత్రికి రాత్రి లోపలికి మడిచి కుట్టింది. మీ నాన్నకి గ్రామర్ బాగా వచ్చు. నాకన్నా బాగా వచ్చు. లోపల నలుగురు కూర్చున్నారట. అన్నిటికీ చక్కగా జవాబులు చెప్పాడు. చివర్లో పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకుంటూ, "యూ డోంట్ మైండ్ వర్కింగ్ అట్ నైట్, డూ యూ?" అన్నాడు.

మీ నాన్న హుషారుగా "యెస్ సర్" అన్నాడు.

వీడి మనసులో ఉన్నది, అవును సార్, నాకేం అభ్యంతరం లేదు అని. ఆయన కలం ఆగింది. తలెత్తి, "యూ డూ మైండ్?" అన్నాడు. వీడు కంగారుపడి "నో సర్" అన్నాడు. "సో, యూ డోంట్ మైండ్?" "యెస్ సర్!" పక్కన కూర్చున్నాయన నవ్వాపుకోలేకపోయాడట. పెద్దాయన కలం కింద పెట్టి, "యెస్ ఆర్ నో?" అన్నాడు. మీ నాన్నకి చెమటలు పట్టాయి. ఇక నోరు పెగల్లేదు. "థాంక్యూ, యూ మే గో" అన్నారు.

ఉద్యోగం దానివల్లే రాలేదని నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఒక్క పోస్టుకి ఎంతమంది వచ్చేవాళ్ళో! మీ నాన్న మాత్రం దానివల్లే అనుకున్నాడు. తెనాలి బస్సు దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పి మడతపెట్టి, నా దగ్గర కూర్చున్నాడు. నేనప్పుడు బీఈడీ చదువుతున్నాను. నోట్సు తెచ్చి, ట్యాగ్స్ అన్నీ నన్ను అడగమన్నాడు. అడిగాను. ఒక్కటీ తప్పు పోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి మా ఇద్దరికీ అర్థం కాలేదు. తర్వాత వాడు ఎరువుల కొట్లో లెక్కలు రాశాడు, సొంతంగా కొట్టు పెట్టాడు, నిన్ను చదివించాడు. బాగానే బతికాడు. ఇప్పటికీ ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే నవ్వి ఊరుకుంటాడు చూడు, ఆ నవ్వు ఆ రోజుదే.

జరిగింది చాలా చిన్న విషయంరా. మనం "నీకు కాకరకాయ పడదు కదా?" అంటే, "అవును, పడదు" అంటాం. అడిగినవాడి మాటతో ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషువాడి యెస్, నో లకి అడిగినవాడితో పనిలేదు, ఉన్న నిజంతోనే పని. పడితే "యెస్, ఐ డూ". పడకపోతే "నో, ఐ డోంట్". ప్రశ్న ఎటు తిప్పి అడిగినా అంతే. యెస్ పక్కన నాట్ రాకూడదు, నో పక్కన నాట్ లేకుండా ఉండకూడదు. మనవాళ్ళు తోకలు పెట్టడం నేర్పుతారు, ఖాళీలు పూరింపిస్తారు, మార్కులు వేస్తారు. తోకకి జవాబు చెప్పడం ఎవరూ నేర్పరు.

కాబట్టి మొదటి వారంలోనే ఇది చేయించు. కాకరకాయ అంటే ఇష్టం ఉన్నవాణ్ణొకణ్ణి, లేనివాణ్ణొకణ్ణి లేపు. ఇద్దర్నీ రెండు రకాలుగా అడుగు: "యూ లైక్ ఇట్, డోంట్ యూ?" "యూ డోంట్ లైక్ ఇట్, డూ యూ?" ఇష్టమున్నవాడు రెండిటికీ "యెస్, ఐ డూ" అనాలి. లేనివాడు రెండిటికీ "నో, ఐ డోంట్" అనాలి. మొదట్లో తడబడతారు, నవ్వుకుంటారు. ఒట్టి యెస్, ఒట్టి నో మాత్రం ఒప్పుకోకు. పక్కన ఐ డూ, ఐ డోంట్ ఉండాల్సిందే. యెస్ తప్పు పోయినా ఆ రెండో ముక్క కాపాడుతుంది.

నాకెందుకింత పట్టింపు అంటావేమో. మన పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. నువ్వు చదువు చెప్పిన పిల్ల ఒకతి రేపు ఏ అమెరికాలోనో ఆస్పత్రిలో పడుకుని ఉంటుంది. డాక్టరు వచ్చి "యూ ఆర్ నాట్ అలర్జిక్ టు పెన్సిలిన్, ఆర్ యూ?" అంటాడు. మన అలవాటు ప్రకారం "యెస్" అంటుంది. ఆయన ఏం రాసుకుంటాడు? పోనీ నిజంగానే పడకపోయి "నో" అంటే? నాకు పరీక్ష మార్కుల గురించి అంత భయం లేదు. ఇదే భయం.

ఇంకొక్కటి, రాగం. తోక చివర గొంతు పైకి లేస్తే నిజంగా అడుగుతున్నట్టు. కిందికి దిగితే తెలుసు, ఒప్పుకోమంటున్నట్టు. బస్సెక్కాక "యూ లాక్డ్ ద డోర్, డిడంట్ యూ?" అని గొంతు లేపి అంటే, తాళం సంగతి నిజంగా అనుమానమే. దించి అంటే, వేశావులే అని. బోర్డు మీద రాస్తే ఇది రాదు. నువ్వు గొంతుతో అని చూపించాలి. సిగ్గుపడకు.

ఎవరైనా అన్నిటికీ "ఈజంట్ ఇట్" పెడితే నవ్వకు, పక్కవాళ్ళని నవ్వనివ్వకు. మనం అన్నిటికీ కదా అంటాం, పిల్లలు అదే అక్కడ పెడుతున్నారు. లండన్ కుర్రాళ్ళు కూడా చాలామంది "ఈజంట్ ఇట్"ని నలిపి అన్నిటికీ "ఇన్నిట్" అనే అంటారు. పరీక్షలో ఇది చెల్లదు, అందుకని మార్చుకుందాం అని చెప్పు చాలు. నవ్వులపాలైన పిల్ల మళ్ళీ చెయ్యెత్తదు. అలాంటి వాళ్ళని నేను చాలామందిని చూశాను, ఇంట్లోనే ఒకణ్ణి చూశాను.

సుద్దముక్కల డబ్బా, డస్టరు, నా పాత ప్రశ్నల నోట్సు మన ఊరి బస్సు కండక్టరు చేత పంపిస్తున్నాను. నోట్సు మాత్రం తిరిగివ్వాలి. ఈ ఉత్తరం మీ నాన్న కంట పడనివ్వకు.

అన్నట్టు, లాప్‌టాప్ ఉద్యోగం ఇంట్లోంచే చేస్తున్నానని నువ్వంటున్నావు, మీ నాన్న నమ్మాడు. సాయంత్రం నాలుగింటికల్లా రోజూ ఖాళీగా ఉండే కంపెనీ ఏదిరా? యూ హావంట్ రిజైన్డ్, హావ్ యూ? గొంతు లేపే అడుగుతున్నాను. ఫోన్ చేసి చెప్పు. ఒట్టి యెస్, ఒట్టి నో ఒప్పుకోను.

మీ అత్త