"ఇంకా చదవలేదా?" అని అడిగితే

మహబూబ్‌నగర్

బిడ్డా,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన రెండు కథలు అందాయి. కథల గురించి తర్వాత రాస్తాను. ముందు నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు. ఉత్తరం మొత్తం దాని చుట్టే తిరుగుతోందని చదవగానే అర్థమైంది.

నల్లగొండ సభలో భోజనాల దగ్గర అందరూ ఈ మధ్య బాగా పేరొచ్చిన ఆ నవల గురించే మాట్లాడుకున్నారన్నావు. ఒకాయన "ఇంకా చదవలేదా?" అని ఆశ్చర్యపోతే నీకు తల కొట్టేసినట్టయి, "సగం చదివాను సార్" అని అబద్ధం చెప్పానని రాశావు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్‌గా ఉందన్నావు. కొనాలా, వద్దా, చదవకపోతే రచయితగా వెనకబడిపోతానా అని అడిగావు.

నేను ఆ నవల చదవలేదు. ఇప్పట్లో చదవను కూడా. నీకూ ఇప్పుడు వద్దనే చెప్తాను. దాని పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. చదవని పుస్తకం మీద నా మాట ఇంకొకరి దాకా పోవడం ఆ రచయితకు అన్యాయం.

ఎందుకు వద్దంటున్నానో చెప్పే ముందు, ఏ కారణాలతో వద్దనడం లేదో చెప్పాలి. అందరూ చదువుతున్నారు కాబట్టి అది తక్కువ రకం పుస్తకం అయి ఉంటుందనే వాళ్లు మన సభల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల మాట పట్టుకోకు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో బండి యాదగిరి కట్టిన "బండెనక బండి కట్టి" పాట మీ నల్లగొండ పల్లెల్లో అక్షరం రాని వాళ్ల నోళ్లలో కూడా ఆడింది. ఇవాళ్టికీ ఆడుతోంది. అంతమందికి చేరినందుకు ఆ పాట విలువ ఏమైనా తగ్గిందా? ఇంకొందరు రచయిత కులం చూసి చదవరు, పార్టీ చూసి చదవరు, ఎవరో ఫేస్‌బుక్‌లో తిట్టారని చదవరు. అమ్మకాలు చూసి కడుపు మండి చదవని వాళ్లూ ఉన్నారు. ఐదు వందల కాపీలు వేయించుకుని, సగం అటక మీదే పెట్టుకున్న రచయితలు నాకు ఎంతమందో తెలుసు. అలాంటి భాషలో ఒక నవల ముద్రణ తర్వాత ముద్రణకు పోతోందంటే సంతోషపడాలి. పుస్తక ప్రదర్శనలో పిల్లలు దాని కోసం క్యూ కట్టారని విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

మరి ఎందుకు వద్దంటున్నాను? మొదటి కారణం నీ చెవి.

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథలు చదివాను. ఎక్కువగా పాతికేళ్ల లోపు పిల్లలు రాసినవి. కల్వకుర్తి పక్క పల్లె కథ ఒకటి, దేవరకొండ తండా కథ ఒకటి, హైదరాబాద్ హాస్టల్ కథ ఒకటి. ఊళ్లు వేరు, మనుషులు వేరు, కష్టాలు వేరు. వాక్యం మాత్రం అన్నిట్లో ఒకటే. రెండు చిన్న వాక్యాలు, తర్వాత ఒక ఖాళీ లైను, తర్వాత స్టేటస్‌గా పెట్టుకోవడానికి పనికొచ్చే ఒక మాట. తండాలో ముసలమ్మ కూడా అదే తీరున మాట్లాడింది. ఇదేం చిత్రమని తెలిసిన ఇద్దరు ముగ్గురు పిల్లల్ని అడిగితే, అది ఆ నవల తీరు అని చెప్పారు. ఆ రచయితకు అది సొంత తీరే అయి ఉండొచ్చు, ఎంతో కష్టపడి సాధించుకున్నదే అయి ఉండొచ్చు. తండా ముసలమ్మకు మాత్రం అది ఎట్లా నప్పుతుంది?

ఇప్పుడు నీ కథల దగ్గరికి వస్తాను. మొదటి కథలో అమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పుతుంది. చెయ్యి అటు పోతుంది, ఇటు వస్తుంది. నువ్వు ఆమె బాధను ఎక్కడా వర్ణించలేదు. రాత్రి అన్నం కలుపుతుంటే కుడి చెయ్యి పైకి లేవక ఎడమ చేత్తో కంచం దగ్గరికి జరుపుకుందని మాత్రం రాశావు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలి. ఆలేరు పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం తయారు చేసి, దానికి ఆమె పేరే పెట్టుకున్నాడు. ఆ 9 వేల లెక్క చెప్పకుండానే నువ్వు కంచం జరిపిన ఒక్క ముక్కలో దాన్ని పట్టుకున్నావు. అది గట్టుప్పల్‌లో మగ్గం పక్కన పెరిగిన పిల్ల మాత్రమే రాయగలిగిన వాక్యం.

రెండో కథలో అదే అమ్మ కూతుర్ని కూర్చోబెట్టుకుని, "తెగిన దారాన్ని ముడి వేయొచ్చు బిడ్డా, తెగిన మనసును కాదు" అంటుంది. ఆమె అట్లా అంటుందా? పొద్దున ఐదింటికి లేచిన మనిషి, నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ పైసలు ఇయ్యలేదని గుబులు పడుతున్న మనిషి, అట్లా మాట్లాడుతుందా? నువ్వు ఆ నవల చదవలేదు. అయినా దాని గాలి నీకు సోకింది. స్నేహితుల స్టేటస్‌ల్లో, రీల్స్‌లో, సభల్లో ఎవరో చదివి వినిపించిన పేరాల్లో అది నీ దాకా వచ్చేసింది. అంత పేరున్న పుస్తకాన్ని మనం తెరవకపోయినా అది మనల్ని వదలదు. తెరవకముందే ఇంత వస్తే, మూడు వందల పేజీలు కూర్చుని చదివాక నీ అమ్మ గొంతు నీకు ఎంత మిగులుతుందో నువ్వే ఆలోచించు. పది కథలు రాసి, నీ వాక్యం ఇదీ అని నీకు గట్టిగా తెలిశాక ఎవర్ని చదివినా భయం లేదు. ఇప్పుడు మాత్రం ఉంది.

రెండో కారణం టైమ్. డిగ్రీ చదువు, ఇంటి పని, కండెలు చుట్టడం అన్నీ అయ్యాక రాత్రి గంటసేపు దొరుకుతుందని రాశావు. ఆ గంటలోనే చదవాలి, రాయాలి. మన ప్రాంతంలో రాసే వాళ్లలో చాలామందికి ఇంతకంటే ఎక్కువ దొరకదు. ఆ గంటను దేనికి ఇవ్వాలో నువ్వు రాస్తున్న కథ చెప్పాలి. భోజనాల దగ్గర కలిసిన పెద్దమనిషికి నీ గంట మీద ఏం హక్కుంది?

సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి నీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. గద్వాల వైపు బోరవెల్లిలో పుట్టిన మనిషి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చారు. ఆయన పోయాక 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో మొట్టమొదటిది. ఆ పుస్తకం కోసం ఆయన ఏం చదివారో చూడు. పండితులు నెత్తిన పెట్టుకున్న ప్రబంధాల్లో రాజులు, వర్ణనలు ఉన్నాయి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు అనేవి వాటిలో పెద్దగా దొరకవు. అందుకని ఆయన శుకసప్తతి, హంసవింశతి, క్రీడాభిరామం లాంటి పాత కావ్యాలను జల్లెడ పట్టారు. చాటువులు, శతకాలు కూడా వదల్లేదు. వాటిలో కొన్నింటిని బూతు కావ్యాలని పెద్దవాళ్లు పక్కన పెట్టేశారు. ఎవరు మెచ్చుకుంటారు, సభల్లో దేని గురించి మాట్లాడుకుంటున్నారు అని ఆయన చూసుకోలేదు. తనకు కావలసింది ఎక్కడుందో అక్కడికి పోయారు. అంతకు ముందు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడూ అంతే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల్ని పోగేశారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు అప్పటికి ఎవరి నోటా లేవు. పేరు మోసిన వాళ్లనే చదువుకుంటూ కూర్చుని ఉంటే ఆ సంచిక వచ్చేదే కాదు.

నీ కథలకు ఇప్పుడు ఏం తక్కువైందో నాకు కనబడుతోంది. మగ్గం పని వాతావరణం ఉంది, మాటలు తక్కువ ఉన్నాయి. పడుగు, పేక, నాడె వరకు రాసి, తర్వాత "పనిముట్లు" అని దాటేశావు. వృత్తుల వాళ్లు వాడే మాటలను పోగేసిన మాండలిక వృత్తి పదకోశంలో చేనేత సంపుటం 1971లో వచ్చింది, భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి పని అది. అంతకు ముందు 1962లో వ్యవసాయం సంపుటం వచ్చింది. చేనేత సంపుటం దగ్గర పెట్టుకుని, దాంట్లో మాటలు ఒక్కొక్కటే అమ్మకు చదివి వినిపించు. మీ దగ్గర దాన్ని ఏమంటారో ఆమె చెప్తుంది. కొన్ని మాటలు పుస్తకంలో ఉండవు, ఆమె దగ్గరే ఉంటాయి. అవి రాసిపెట్టుకో. నీ రాత్రి గంటలు కొన్ని వారాల పాటు దానికే ఇచ్చినా నష్టం లేదు.

తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి. మీ నకిరేకల్ వైపు మనిషే. వంట పని చేస్తూ చదువు నేర్చుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు వేసి, ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆయన రాసిన "ప్రజల మనిషి" నవల చదువు. మన ఊళ్లలో దొర ముందు మనిషి ఎట్లా నిలబడేవాడో, ఎప్పుడు మాట్లాడేవాడో, ఎప్పుడు నోరు మూసుకునేవాడో దాంట్లో ఉంది. నీ రెండో కథలో మాస్టర్ వీవర్ ఇంటికి నాన్న పోయే సీను ఉంది కదా, దానికి ఇది బాగా పనికొస్తుంది.

మూడో కారణం చిన్నది. ఇప్పుడు ఆ నవల తెరిస్తే నువ్వు ఒంటరిగా చదవలేవు. ఎక్కడ ఏడవాలో ముందే చెప్పేశారు, ఏ పేజీ ఫోటో తీసి పెట్టాలో కూడా తెలిసిపోయింది. నచ్చితే మందలో కలిసినట్టు అనిపిస్తుంది, నచ్చకపోతే నీలోనే ఏదో లోపం ఉందేమో అనిపిస్తుంది. ఈ హోరు అంతా సద్దుమణిగాక, నాలుగైదేళ్లకు చదువు. నేను అట్లా ఆగి చదివిన వాటిలో కొన్ని నిజంగా గొప్పవి. వాటిని నెమ్మదిగా, నా లెక్కన నేను చదువుకోగలిగాను.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. చదవనంత కాలం ఆ నవల గురించి నోరు విప్పొద్దు. బాగుందనీ అనొద్దు, బాగాలేదనీ అనొద్దు. "విన్నాను, అంత గొప్పేం కాదట" అనే మాట నీ నోట రాకూడదు. ఎవరైనా దాని మీద సమీక్ష రాయమంటే, చర్చకు పిలిస్తే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి పో, లేదా రానని చెప్పు. నువ్వు రాస్తున్న కథ వస్తువే దాంట్లో కూడా ఉందని తెలిస్తే అప్పుడూ చదవాల్సిందే. వెనకబడిపోతాననే భయం వల్ల కాకుండా, నీకే దాన్ని చదవాలని మనసు గుంజితే ఈ రాత్రే మొదలుపెట్టు, నన్ను అడగకు. ఇష్టంతో పట్టుకునే పుస్తకానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. ఈ ఉత్తరమంతా నీ భయానికి జవాబుగా రాస్తున్నాను.

మీ తమ్ముడు ఆ నవల కోసం స్నేహితుడి దగ్గర నంబరు పెట్టుకున్నాడని రాశావు. వాణ్ని ఆపకు. పాఠ్యపుస్తకం కానిది వాడు చేత పట్టడం అదే మొదటిసారి అన్నావు. నువ్వు కథలు రాస్తున్నావు, వాడు చదువుకుంటున్నాడు. నీకు చెప్పిన కారణాలు వాడికి వర్తించవు. వాడు చదివాక ఏం నచ్చిందో అడుగు, మధ్యలో అడ్డుపడకుండా విను.

మళ్లీ సభలో ఎవరైనా అడిగితే "చదవలేదండి" అను. అక్కడితో ఆపెయ్. కారణాలు చెప్పొద్దు, టైమ్ దొరకలేదని సంజాయిషీ ఇవ్వొద్దు, నేను చెప్పాననీ అనొద్దు. వీలైతే "మీకేం నచ్చింది?" అని అడుగు. పుస్తకాన్ని నిజంగా ప్రేమించిన మనిషయితే సంతోషంగా చెప్తాడు. నిన్ను చిన్నబుచ్చడానికే అడిగిన మనిషయితే మాట మార్చుకుంటాడు. ఆ రోజు చెప్పిన అబద్ధం గురించి పోయి ఒప్పుకోవాల్సిన పని లేదు. ఇంకోసారి చెప్పకుంటే చాలు.

పుస్తకాల సంగతి. నల్లగొండ జిల్లా గ్రంథాలయంలో సురవరం, వట్టికోట ఉన్నాయేమో ముందు అడుగు. అడగడానికి మొహమాటపడకు. మీ నాన్న కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు గ్రంథాలయాలకే పోతుంది. 1922లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపిన ఊరు అది. పాత పుస్తకాలు అడిగే వాళ్లు వస్తే అక్కడి వాళ్లకూ ఉత్సాహంగా ఉంటుంది. పదకోశం అక్కడ దొరకకపోతే నెట్‌లో పాత పుస్తకాల స్కానింగ్ కాపీల్లో వెతుకు. అక్కడా లేకపోతే హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర ఆదివారం ఫుట్‌పాత్ మీద చూడాలి. నేను పోయినప్పుడు నీ కోసం చూస్తాను. నవల కోసం దాచుకున్న డబ్బులు ఖర్చు పెట్టకుండా ఉంచు.

మొదటి కథలో ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. రెండో కథలో అమ్మ మాట్లాడే చోటు తీసేసి, ఆ రోజు ఆమె నిజంగా ఏమందో గుర్తు తెచ్చుకుని రాయి. గుర్తు లేకపోతే ఆమెనే అడుగు. ఏమీ అనలేదని చెప్తే, ఏమీ అనలేదనే రాయి. నాన్న మాస్టర్ వీవర్ ఇంటికి పోయే సీను ఇంకో రెండు పేజీలు పెంచొచ్చు. వాకిట్లో ఎంతసేపు నిలబడ్డాడో, ఎవరు కూర్చోమన్నారో, తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కాడా, నడిపించుకుంటూ వచ్చాడా అనేవి నాకు తెలియాలి. దసరా లోపు పంపు. టైప్ చేయించకు, చేతిరాతే చాలు.

ఆశీస్సులతో,
మీ సార్