పాప్-అప్ టాపర్‌లో 16 నెలలు: చోటు చాలింది, చెమ్మతోనే తంటా

మీరు అడిగింది ఇదీ: పికప్ బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) మీద, కప్పు పైకి లేచి గుడ్డ గోడలు తెరుచుకునే గూడు లాంటి టాపర్ బిగించుకుని ఇద్దరు మనుషులు నెలల తరబడి అందులో ఉండగలరా, ఆ చోటు చాలుతుందా, అవసరమైనప్పుడు టాపర్ తీసేసి బండిని మామూలుగా వాడుకోవచ్చా అని. నేనూ మా ఆవిడా 16 నెలలు అలాగే ఉన్నాం. చోటు చాలుతుంది. దాని గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం చెమ్మ మీద పెట్టండి, మిగతా సగం బరువు మీద.

చోటు సంగతి ముందే తేల్చేస్తా. కప్పు దించి ఉన్నప్పుడు లోపల వంగి కూర్చోవాల్సిందే, ఎత్తాక మాత్రం నిటారుగా నిలబడొచ్చు. పరుపు క్యాబ్ (డ్రైవర్ గది) మీదికి జరిగి ఉంటుంది, కింద ఒక మనిషి తిరగడానికి సరిపడా దారి మిగులుతుంది. ఒకరు ప్యాంటు వేసుకుంటుంటే రెండోవాళ్ళు పరుపెక్కి కూర్చోవాలి. మొదటి పది రోజులు మోచేతులు తగులుకోవడం, విసుక్కోవడం, "ఆ సంచి అక్కడెవరు పెట్టారు" అనుకోవడం, తర్వాత ఎవరు ఎప్పుడు ఎటు తప్పుకోవాలో చెప్పుకోకుండానే తెలిసిపోతుంది.

ఇక చెమ్మ. మొదటి చలి రాత్రి వెచ్చగా ఉంటుందని కిటికీల జిప్పులన్నీ బిగించేసి పడుకున్నాం. తెల్లవారుజామున నుదుటి మీద చల్లగా ఒక చుక్క పడింది. కప్పు కారుతోందనుకుని టార్చి వేసి చూస్తే బయట వాన లేదు, తల పైనున్న అల్యూమినియం కడ్డీ పొడుగునా ముత్యాల్లా నీటి బొట్లు. అదంతా మా ఊపిరే. ఇద్దరు మనుషులు నిద్రలో వదిలే తేమ తక్కువేమీ కాదు, గుడ్డ గోడలు పల్చగా ఉంటాయి, లోహపు కడ్డీలు బయట ఎంత చల్లగా ఉందో దాదాపు అంత చల్లగా ఉంటాయి కాబట్టి ఆ ఆవిరి అక్కడే నీరై కూర్చుంటుంది. ఒకసారి పొద్దున్నే కడ్డీలూ గోడలూ తుడిచిన గుడ్డను గ్లాసులోకి పిండి చూశాను, ముప్పావు గ్లాసు దిగింది.

కాబట్టి ఎంత చలిగా ఉన్నా రెండు కిటికీలు కొంచెం తెరిచే పడుకోవాలి, ఒకటి కిందగా టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) వైపు, ఇంకొకటి పైన దానికి ఎదురుగా. చలికి వణుకుతూ కిటికీ తెరవమంటారేంటి అని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, కానీ పొడి దుప్పట్లో కాస్త చలిగా పడుకోవడం తడి దుప్పట్లో వెచ్చగా పడుకోవడం కంటే ఎంతో నయమని తర్వాత తనే అంది. డీజిల్ హీటర్ పెట్టించుకుంటే ఇంకా మంచిది, మంటకు కావలసిన గాలి బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదులుతుంది, లోపలికి వచ్చేది పొడి వేడి మాత్రమే. గ్యాస్ పొయ్యిని మాత్రం హీటర్‌లా వాడకండి. ఒక కిలో ప్రొపేన్ గ్యాసు మండితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది, అంటే మీరు వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి లోపల వాన కురిపించుకుంటున్నట్టు. పొయ్యి మంట నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రమాదం దీని కంటే పెద్దది. దానికి రంగు, వాసన ఏమీ ఉండవు, అలారం తప్ప ఇంకేదీ చెప్పదు. లోపల నీళ్ళు కాచినా కిటికీ తెరిచే కాయండి, అలారం తలాపి దగ్గర పెట్టుకోండి.

పరుపు అడుగు చూడడం మాకు మూడు వారాల దాకా తట్టలేదు. దుప్పటి మార్చుదామని ఎత్తితే కింద ప్లైవుడ్ మీద మా ఇద్దరి ఒంటి ఆకారంలో నల్లటి మచ్చలు, ముక్క వాసన. పరుపుకీ చెక్కకీ మధ్య గాలి ఆడే జాలీ పరిచాక అది తగ్గింది, అయినా వీలున్న రోజుల్లో పొద్దున్నే పరుపును ఒక వైపు ఎత్తి నిలబెట్టేవాళ్ళం. చలికాలానికని లోపలి వైపు తగిలించే దళసరి లైనర్ అమ్ముతారు కదా, అది వెచ్చదనం ఇచ్చే మాట నిజమే, కాకపోతే లైనర్‌కీ గుడ్డకీ మధ్య కూడా నీరు చేరుతుంది, బయటికి కనబడదు. రెండు మూడు రోజులకోసారి విప్పి ఆరబెట్టుకోవాలి.

వానలో బయలుదేరాల్సి వస్తే గుడ్డ తడిగానే మడతపడి కప్పు కింద పరుపు మీద కూర్చుంటుంది. పరుపు మీద టార్పాలిన్ పరిచి దించండి. ఆ రోజు సాయంత్రానికి, మరీ కుదరకపోతే మర్నాటికి, మళ్ళీ ఎత్తి ఆరనివ్వాలి. మేము ఒకసారి బంధువుల ఇంటికి వెళ్ళి ఐదు రోజులు అలాగే మూసి వదిలేశాం. ఆ బూజు మరకలు ఇప్పటికీ ఉన్నాయి, ఏం పెట్టి రుద్దినా పోలేదు.

కప్పు ఎత్తే గ్యాస్ స్ట్రట్ల (పైకి నెట్టే రాడ్ల) గురించి ఒక మాట. వాటిలో ఉండేది ఒత్తిడిలో ఉన్న గ్యాసు, చలికి ఆ ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి ఎండాకాలంలో దానంతటదే లేచే కప్పు చలికాలం పొద్దున మొండికేస్తుంది. ఇది తెలియక నేను కప్పు మీద ఒక సోలార్ ప్యానెల్, పక్కన చుట్టిపెట్టే పందిరి కూడా బిగించాను. చల్లబడ్డాక భుజం ఆనించి నెడితే తప్ప కదల్లేదు. సరే అని ఇంకా బలమైన స్ట్రట్లు వేయించాను. వేసవి రాగానే కథ తిరగబడింది, ఎత్తడం చిటికెలో పని, దించాలంటే మాత్రం ఇద్దరం పట్టీ పట్టుకుని వేలాడాలి. ఆఖరికి ప్యానెల్ కప్పు మీద నుంచి తీసేసి, వైరుతో దూరంగా పెట్టుకునే మడత ప్యానెల్ కొన్నాం. బండి నీడలో, ప్యానెల్ ఎండలో, ఇద్దరికీ సుఖం.

దించేటప్పుడు గుడ్డ అంచు బయటికి పొంగి కప్పుకీ ఫ్రేమ్‌కీ మధ్య నలుగుతుంది. చుట్టూ సాగే తాడు ఉంటే లోపలికి లాగుతుంది, అయినా పూర్తిగా మూసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చేత్తో లోపలికి దోపాలి. గొళ్ళేలు కూడా అంతే. ఒకసారి మాటల్లో పడి నాలుగింటిలో వెనకది ఒకటి వేయడం మరిచిపోయాం, వేగం అందుకున్నాక పైన టపటపా కొట్టుకునే చప్పుడు వచ్చింది, పక్కకు ఆపి చూస్తే కప్పు మూల ఒక అంగుళం లేచి ఉంది. అది వెనకది కాబట్టి సరిపోయింది, ముందు వైపుదైతే ఎదురుగాలి కప్పును ఏం చేసేదో. అప్పటి నుంచి బండి నడిపేవాళ్ళు నాలుగు గొళ్ళేలనీ చేత్తో తాకి చూశాకే సీట్లో కూర్చోవాలి, కళ్ళతో చూస్తే చాలదు.

దుమ్ము మీరు ఊహించని చోటు నుంచి వస్తుంది. పికప్ బెడ్‌ను ఎవరూ నీరు చొరకుండా, దుమ్ము చొరకుండా తయారు చేయరు. టెయిల్‌గేట్ పక్కల వేలు దూరే సందులుంటాయి. బండి పోతున్నప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గి, లేచిన దుమ్మంతా బండి వెనకే తిరుగుతూ ఆ సందుల్లోంచి లోపలికి చేరుతుంది. రబ్బరు బీడింగ్ చుట్టూ అంటించండి. మట్టి రోడ్డు మీద టాపర్ ముందు వైపు గాలి రంధ్రం ఏదైనా ఉంటే దాన్ని కొంచెం తెరిచి పెట్టండి, ముందు నుంచి గాలి లోపలికి తోసుకొస్తే వెనక సందుల్లోంచి దుమ్ము దూరడం బాగా తగ్గుతుంది. మాకు బీడింగ్ కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

బరువు లెక్క కొనే ముందే వేసుకోండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉండే పేలోడ్ (బండి మోయగల బరువు) అంకె మీ బండికి సంబంధించినది, ప్రకటనలో రాసే పెద్ద అంకె కాదు. అందులో మీరిద్దరూ కూడా సామానే. ఉదాహరణకు పేలోడ్ 500 కిలోలు అనుకోండి. ఖాళీ టాపర్ 180, మనుషులు 140, నీళ్ళు 40 లీటర్లంటే 40 కిలోలు, బ్యాటరీ, ఫ్రిజ్, హీటర్ కలిపి ఒక 50, ఇక పరుపు, బట్టలు, పనిముట్లు, వంట సామాను. చివరి వరస మీరు అనుకున్న దానికి రెట్టింపు తేలుతుంది, మాకు తేలింది. అంతా సర్దుకున్నాక, మీరూ ఎక్కి కూర్చుని, వేబ్రిడ్జి మీద వెనక ఇరుసు బరువు విడిగా తూయించండి. వెనక స్ప్రింగులు బలపరిస్తే బండి కుంగడం తగ్గుతుందే గానీ స్టిక్కర్ మీద అంకె పెరగదు. టాపర్ బిగించిన బోల్టులనూ క్లాంపులనూ మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించాలి, మావి రెండు వదులయ్యాయి.

కరెంటుకు పెద్ద కష్టం లేదు. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్, రెండు లైట్లు, ఫోన్లు. నడుస్తున్నప్పుడు బండి ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ అయ్యేలా డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించుకుంటే రెండు రోజులు ఒకే చోట ఆగినా దిగులుండదు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, పాడవుతుంది, అందుకని దాన్ని టెయిల్‌గేట్ పక్కన కాకుండా హీటర్ వేడి తగిలే చోట పెట్టుకున్నాం.

గాలి బాగా వీచే రాత్రి బండి ముక్కు గాలికి ఎదురుగా నిలపండి, గుడ్డ కొట్టుకోవడం తగ్గుతుంది. మరీ ఎక్కువైతే కప్పు దించేయడమే. మేము రెండు రాత్రులు క్యాబ్‌లో సీట్లు వాల్చుకుని పడుకున్నాం, మెడలు పట్టేశాయి.

పెద్ద గట్టి గోడల క్యాంపర్ కొనాలా అంటే, మీరు ఎలా తిరుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకటి రెండు రోజులకోసారి కదులుతూ, ఇరుకు దారుల్లో, ఎత్తు తక్కువ పార్కింగుల్లో దూరేవాళ్ళకి ఇదే మేలు. కప్పు దించితే బండి ఎత్తు పెద్దగా పెరగదు, బరువు కిందే ఉంటుంది కాబట్టి మలుపుల్లో అంతగా ఊగదు. ఒకే చోట వారాల తరబడి, అదీ ముసురు పట్టే చోట ఉండాలనుకుంటే వద్దు, నా మాట వినండి, గుడ్డ గోడల మధ్య ఆరో రోజుకి మనుషులకే బూజు పట్టినట్టుంటుంది.

టాపర్ తీసేసి బండి వాడుకోవడం గురించి అడిగారు కదా. వీలవుతుంది, కానీ వైర్లు విప్పి, బోల్టులు తీసి, కింద పడకుండా పక్కకు దించడానికి కనీసం నలుగురు కావాలి, దించాక దాన్ని వానకు తడవకుండా పెట్టే చోటు కావాలి. ప్రతి వారాంతం తీసి పెడదాం అనుకునే మొదలుపెట్టాం మేమూ. 16 నెలల్లో రెండుసార్లు తీశాం, అందులో ఒకసారి లీకు బాగు చేయడానికి.