ఊడిన చెప్పు దగ్గర ఆగాల్సింది

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగ్గా, రెండోసారి మూడో పేజీలో ఉన్న ఒక్క వాక్యం కోసం.

ముందు విసుగు సంగతి. 'దివ్యం' అన్న మాట 11 సార్లు వాడావు. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మరీ లెక్కపెట్టాను. 'అలౌకికం', 'వైబ్రేషన్స్' వేరే లెక్క. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 'తప్పిపోయిన కుమారుడి పునరాగమనం' బొమ్మ చూసి ఒళ్లు జలదరించిందన్నావు. నమ్ముతాను. కానీ నాకూ జలదరించాలంటే ముందు బొమ్మ కనిపించాలి కదా! దేవుడి పేరు ఎత్తగానే మన కన్ను చూడటం మానేస్తుంది. చూడటం అయిపోయిందనుకుంటుంది. ఈ మాట పదేపదే అంటానని నన్ను సభలకు పిలవడం మానేశారు, పోనీ.

ఇక ఆ వాక్యం. "ఊడిన చెప్పు చూస్తుంటే మా అన్నయ్య గుర్తొచ్చాడు" అన్నావు. బాగుంది. మరుక్షణం పరమాత్మ దగ్గరికి పరిగెత్తావు. ఎందుకంత తొందర?

మళ్లీ చూడు. ఇల్లు వదిలి వెళ్లి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్న కొడుకును తండ్రి అక్కున చేర్చుకునే బైబిలు కథ ఇది. ఆ కొడుకు మనకు వీపు పెట్టి తండ్రి ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. గుండు, చిరుగుల బట్టలు. ఒక కాలి చెప్పు జారిపోయి అరికాలు మనవైపు తిరిగింది. ఎంత దూరం నడిచాడో ఆ అరికాలే చెబుతుంది. వీపు మీద తండ్రి చేతులు రెండూ ఒకలా లేవు: ఒకటి వెడల్పుగా, మోటుగా, రెండోది సన్నగా. రెంబ్రాంట్ 1656లో దివాలా తీశాడు, 1668లో కొడుకు టైటస్ పోయాడు, మరుసటి ఏడాది తనూ పోయాడు. ఆ చివరి ఏళ్ల బొమ్మ ఇది. ఇందులో వెలుగులు చిమ్మే దేవుడు లేడు. ఓ ముసలాయన చేతులున్నాయి, అంతే.

30 ఏళ్ల కిందట నేనూ దీని మీద రాశాను. అసలు బొమ్మ రెండున్నర మీటర్ల పైన ఎత్తు, రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. నేను చూసింది మాత్రం పుస్తకంలో అరచేతంత అచ్చు. భూతద్దం పెట్టి రోజుల తరబడి చూసి, అరికాలి మీద ఒక పేరా రాశాను. "పవిత్రమైన బొమ్మ గురించి రాస్తూ చెప్పుల గోలేమిటండీ" అని ఎడిటర్ గారు ఆ పేరా కొట్టేసి, పైన 'భక్తి పారవశ్యం' అని హెడ్డింగ్ పెట్టారు. ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గరుంది, తెరవను.

ఆ పేరాలో రాయనిది ఒకటుంది. బొమ్మలో కుడి అంచున ఎర్ర అంగీ వేసుకుని, చేతులు కట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. అతనే పెద్ద కొడుకు అంటారు. లూకా సువార్త 15వ అధ్యాయంలో అతను అలిగి లోపలికే రాడు. ఇక్కడ వచ్చాడు, దగ్గరికి మాత్రం రాలేదు. మా తమ్ముడు నాలుగేళ్లకు ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం నేనూ గుమ్మం పక్కన అలాగే నిలబడ్డాను. నాన్న వాడి తల నిమురుతుంటే పలకరించకుండా లోపలికి వెళ్లిపోయాను. ఆ అచ్చుబొమ్మ కనిపించాకే వాడికి ఉత్తరం రాశాను.

ఏ పత్రికకి పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. మీ అన్నయ్య ఇల్లు వదిలి వెళ్లినవాడా, పక్కన నిలబడినవాడా? నీ వ్యాసంలో ఎంత వెతికినా తెలియలేదు. అది రాసి పంపు.